పన్నెండు గోత్రాల పటం: యోసేపు ఎందుకు లేడు, షిమ్యోను ఏమయ్యాడు, యెరూషలేము ఎవరిది?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. సండే స్కూల్ పిల్లల చేత ఇశ్రాయేలీయుల పన్నెండు గోత్రాల మ్యాపు గీయిద్దామనుకుంటే బైబిలు వెనకున్న పటానికీ, నెట్‌లో దొరికిన ఇంకో పటానికీ తేడాలు కనిపించి ఆగిపోయానన్నారు. యోసేపు, లేవి పేర్లు ఎక్కడా లేవు, మనష్షే రెండు ముక్కలుగా ఉంది, దాను ఒక పటంలో సముద్రం పక్కన ఉంటే ఇంకోదాంట్లో పైన ఉత్తరపు కొసన ఉంది, యెరూషలేము ఒకదాంట్లో యూదాలో, రెండోదాంట్లో బెన్యామీనులో ఉంది, ఏది కరెక్ట్ అని అడిగారు. పోయిన పది గోత్రాల వాళ్లు గుంటూరు దగ్గర ఉన్నారట, నిజమేనా అని కూడా చివర్లో రాశారు. బైబిలు భూగోళం చాలా ఏళ్లుగా పాఠంగా చెబుతున్నాను, అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రెండు పటాల్లో ఏదీ తప్పు కాదండి. చిక్కు ఎక్కడుందంటే, పటంలో అన్ని ముక్కలకీ ఒకే రకం గీత గీస్తారు, బైబిల్లో మాత్రం అన్నిటికీ ఒకే రకం సమాచారం లేదు. ఈ పటాలన్నిటికీ ఆధారం యెహోషువ 13 నుంచి 19 వరకు ఉన్న అధ్యాయాలు. అందులో యూదాకి, బెన్యామీనుకి, ఎఫ్రాయిముకి హద్దు ఏ ఊట దగ్గర మొదలై ఏ లోయలో దిగి ఏ కొండ భుజం మీదుగా పోతుందో పేరుపేరునా రాశారు, మన పొలం దస్తావేజుల్లో నాలుగు దిక్కుల హద్దులు రాసినట్టే. షిమ్యోనుకీ దానుకీ అలాంటి వర్ణన లేదు, దాదాపు అంతా ఊళ్ల పేర్ల జాబితాయే. ఆ ఊళ్లు ఎక్కడ ఉండేవో గుర్తుపట్టి, వాటి చుట్టూ గీత గీసేది పటం తయారుచేసేవాళ్లు. ఫలానా పాతదిబ్బ ఫలానా ఊరే అని పండితులు ఒప్పుకోకపోతే గీత అటూ ఇటూ జరుగుతుంది. ఇంకో సంగతి, యెహోషువ గ్రంథంలో ఆ అధ్యాయాలు ప్రధానంగా చెప్పేది ఎవరికి ఏది కేటాయించారు అన్నది. కేటాయించిన దాంట్లో ఎవరు ఎంతవరకు నిలదొక్కుకున్నారో న్యాయాధిపతులు 1వ అధ్యాయం చెబుతుంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని, కింద కొండలూ మైదానాలూ ఎక్కడున్నాయో చూసుకుంటూ చదివితే మీ ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముందు లెక్క చూద్దాం. గోత్రాలకి మూలపురుషుడైన యాకోబుకి కొడుకులు పన్నెండు మంది. లేయాకి రూబేను, షిమ్యోను, లేవి, యూదా, ఇశ్శాఖారు, జెబూలూను, రాహేలుకి యోసేపు, బెన్యామీను, దాసీలైన బిల్హాకి దాను, నఫ్తాలి, జిల్పాకి గాదు, ఆషేరు. వీళ్లలో లేవి వంశం వాళ్లకి విడిగా భూమి ఇవ్వలేదు. మిగతా గోత్రాల మధ్యలో 48 పట్టణాలు, వాటి చుట్టూ పశువుల మేతకి స్థలం ఇచ్చారు, అందుకే వాళ్లకి పటంలో రంగు ముక్క ఉండదు, దేశమంతా చుక్కలుగా ఉంటారు. అహరోను సంతతి యాజకులకి వచ్చిన 13 పట్టణాలూ యూదా, షిమ్యోను, బెన్యామీనుల్లోనే ఉన్నాయి. ఇక యోసేపు వాటా అతని ఇద్దరు కొడుకుల పేరున పోయింది. ఆదికాండము 48లో ముసలి యాకోబు ఎఫ్రాయిమునీ మనష్షేనీ రూబేను, షిమ్యోనులతో సమానంగా తన కొడుకులుగా లెక్కేసుకుంటాడు, చేతులు అడ్డంగా మార్చి చిన్నవాడైన ఎఫ్రాయిము తల మీద కుడిచెయ్యి పెడతాడు. లేవి పోయి యోసేపు ఇద్దరయ్యాడు కాబట్టి భూమి వాటాలు మళ్లీ పన్నెండే.

పిల్లలు అడుగుతారు కాబట్టి ఇది కూడా చెప్పి ఉంచండి, బైబిల్లో అన్ని చోట్లా ఇవే పేర్లు ఉండవు. ద్వితీయోపదేశకాండము 33లో మోషే దీవెనల్లో షిమ్యోను లేడు. ప్రకటన 7లో దాను లేడు, లేవి ఉన్నాడు, యోసేపు, మనష్షే ఇద్దరూ ఉన్నారు. వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది న్యాయాధిపతులు 5లోని దెబోరా పాట. బైబిల్లో చాలా పాత భాగాల్లో ఇదొకటని ఎక్కువమంది పండితులు అంటారు. అందులో పది పేర్లే వస్తాయి. మనష్షే అనకుండా మాకీరు అంటుంది, గాదు అనకుండా గిలాదు అంటుంది. యుద్ధానికి ఎవరొచ్చారు, ఎవరు గొర్రెల దొడ్ల మధ్య కూర్చుండిపోయారు అని పేరుపేరునా నిలదీసే ఆ పాటలో యూదా ఊసే లేదు. ఎందుకు లేదన్నది కింద భూమి ఆకారం చూస్తే తెలుస్తుంది.

ఈ దేశం చాలా చిన్నది. దాను మొదలుకొని బెయేర్షెబా వరకు అని బైబిలు పదేపదే అంటుంది కదా, ఆ రెండిటి మధ్య తిన్నగా కొలిస్తే 230 కిలోమీటర్ల చిల్లర. అందులోనే మధ్యధరా సముద్రపు ఒడ్డున మైదానం, తర్వాత మెట్ట కొండలు, తర్వాత నడుమ వెన్నెముకలాంటి కొండల వరస, అక్కడి నుంచి ఒక్కసారిగా యొర్దాను లోయలోకి దిగుడు. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో సముద్రమట్టానికి 250 మీటర్ల కింద ఉంది. ఇశ్రాయేలీయులు నిలదొక్కుకున్నది ముఖ్యంగా ఆ కొండల్లో. మైదానాల్లో కనానీయులు, తీరంలో ఫిలిష్తీయులు గట్టిగా ఉన్నారు. యూదా వాళ్లు కొండప్రాంతాన్ని పట్టుకున్నారు గానీ లోయలో ఉన్నవాళ్లకి ఇనుప రథాలు ఉండటం వల్ల వాళ్లని వెళ్లగొట్టలేకపోయారని న్యాయాధిపతులు 1:19 చెబుతుంది. యోసేపు వంశం వాళ్లు కూడా యెహోషువ 17లో ఇదే మొర పెట్టుకుంటారు, మేం చాలామందిమి, కొండ మాకు చాలదు, బేత్షెయానులోనూ యెజ్రెయేలు లోయలోనూ కనానీయులకి ఇనుప రథాలున్నాయి అని. యెహోషువ వాళ్లకి ముందు ఇచ్చిన సలహా, పోయి అడవి నరుక్కోండి అని. రథం చదును నేల మీద పనికొస్తుంది, రాళ్ల గట్ల మీద పనికిరాదు. తవ్వకాలు చేసేవాళ్లు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. 1967 తర్వాత ఆ కొండల్లో చేసిన సర్వేల్లో క్రీస్తుపూర్వం 1200 తర్వాత కొత్తగా వెలిసిన చిన్న చిన్న ఊళ్లు వందల్లో బయటపడ్డాయి, ఎక్కువ వాటికి ప్రహరీ గోడలు లేవు, అవి దట్టంగా ఉన్నది ఎఫ్రాయిము, మనష్షే ప్రాంతాల్లో. ఆ కాలపు ఐగుప్తు రాజు మెర్నెప్తా వేయించిన, సుమారు క్రీ.పూ. 1208 నాటి శాసనంలో ఇశ్రాయేలు పేరు ఒక పట్టణంగా కాకుండా ఒక జనంగా కనిపిస్తుంది.

ఇప్పుడు న్యాయాధిపతులు 1లో ఎవరు ఏ ఊళ్లు పట్టుకోలేకపోయారో ఆ ఊళ్లని పటం మీద చుక్కలు పెట్టండి. మనష్షేకి దొరకనివి బేత్షెయాను, తానాకు, ఇబ్లెయాము, మెగిద్దో, దోరు. చుక్కలు కలిపితే యొర్దాను దగ్గర నుంచి సముద్రం దాకా యెజ్రెయేలు మైదానం మీదుగా ఒక అడ్డపట్టీ తయారవుతుంది. దక్షిణాన ఎఫ్రాయిముకి గెజెరు దొరకలేదు, యెరూషలేము అక్కడి పాత నివాసులైన యెబూసీయుల చేతిలోనే ఉండిపోయింది, అది రెండో అడ్డపట్టీ. అంటే గోత్రాలు నిజంగా ఉన్నది మూడు విడి గుంపులుగా: పైన గలిలయ కొండల్లో నఫ్తాలి, ఆషేరు, జెబూలూను, నడుమ యోసేపు వంశం, కింద యూదా. దెబోరా కాలంలో పై గుంపూ నడిమి గుంపూ కలిసి మైదానంలోని రథాల మీద యుద్ధం చేస్తే, రెండో పట్టీకి అవతలున్న యూదా ఆ కథలోనే కనిపించదు. దావీదు యెరూషలేమును పట్టుకున్నాక ఆ పట్టీ తెగింది, అయినా సొలొమోను చనిపోగానే రాజ్యం ఇంచుమించు ఆ గీత దగ్గరే మళ్లీ విరిగి, ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యూదా అని రెండయింది. రంగుల పటంలో ముక్కలన్నీ సందు లేకుండా అతుక్కుని ఉంటాయి కాబట్టి ఇది కనపడదు.

యెరూషలేము సంగతి. యెహోషువ 15:7, 8 నెమ్మదిగా చదవండి. యూదా ఉత్తరపు హద్దు ఏన్‌రోగేలు ఊట దగ్గరికి వస్తుంది, అక్కడి నుంచి బెన్‌హిన్నోము లోయ ఎక్కి, యెబూసీయుల ఊరి దక్షిణపు పక్కగా పోయి, రెఫాయీయుల లోయ ఉత్తరపు కొసనున్న కొండకి చేరుతుంది. హిన్నోము లోయ ఇప్పటికీ పాత యెరూషలేముకి పడమటా దక్షిణానా అలాగే ఉంది, నడిచి చూడొచ్చు. హద్దు ఊరికి దక్షిణంగా పోయిందంటే ఊరు హద్దుకి ఉత్తరాన ఉన్నట్టు, అంటే బెన్యామీనులో. 18:28 కూడా దాన్ని బెన్యామీను ఊళ్లలోనే లెక్క చెబుతుంది. మరి యూదా పేరు ఎందుకొస్తుందంటే, యెహోషువ 15:63 యూదావాళ్లు యెబూసీయులని వెళ్లగొట్టలేకపోయారని అంటుంది, న్యాయాధిపతులు 1:21 అదే మాట బెన్యామీనువాళ్ల గురించి అంటుంది. హద్దు మీదున్న ఊరు, రెండు వైపుల వాళ్లకీ చిక్కని ఊరు. చివరికి దావీదు తన సొంత మనుషులతో పట్టుకుని దావీదు పట్టణమని పేరు పెట్టాడు. రాజధానిగా దాన్ని ఎంచుకోవడంలో అతని తెలివి అక్కడే ఉంది, ఏ గోత్రమూ ఇది మాది అనలేని చోటు. పిల్లల పటంలో మీరు దాన్ని బెన్యామీను అడుగు గీతకి ఆనుకుని, గీతకి పైన పెట్టండి, అదే మూలానికి దగ్గర.

బెన్యామీను ముక్క చూడ్డానికి ఎంతో లేదు, యెరూషలేము నుంచి బేతేలు దాకా 20 కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ యెరికో నుంచి కొండెక్కి సముద్రం వైపు దిగే దారి, ఉత్తర దక్షిణాల దారి రెండూ అక్కడే కలుస్తాయి. ఇశ్రాయేలు రాజు బయెషా రామాను కోటగా కట్టి యూదాకి దారి మూసేశాడు, యూదా రాజు ఆసా అదే రాళ్లు పీకించి గెబనూ మిస్పానూ కట్టించాడు, 1 రాజులు 15లో ఉంది. ఈ ఊళ్లన్నీ బెన్యామీనువే.

షిమ్యోను ఏమయ్యాడన్నదానికి జవాబు యెహోషువ 19:9లోనే ఉంది, యూదా వాటా వాళ్లకి ఎక్కువైంది కాబట్టి దాని నడుమనే షిమ్యోనుకి ఇచ్చారు. అందుకే బెయేర్షెబా 15వ అధ్యాయంలో యూదా ఊరిగా, 19లో షిమ్యోను ఊరిగా రెండు చోట్లా వస్తుంది. సిక్లగు కూడా అంతే, దావీదు కాలం నుంచి అది యూదా రాజుల సొత్తు. సంఖ్యాకాండములోని రెండు జనాభా లెక్కలు పోల్చినా షిమ్యోను తగ్గిపోవడం తెలుస్తుంది, మొదటి లెక్కలో 59,300 మంది, రెండో లెక్కలో 22,200 మంది. కొట్టుకుపోయినట్టు పోలేదు, మెల్లగా యూదాలో కలిసిపోయారు.

దాను విషయంలో మీ పటాలు రెండూ రైటే, కాలం వేరు. మొదట కేటాయించింది యూదాకి పడమర, జొర్యా, ఎష్తాయోలు నుంచి యొప్పే ఎదుటి వరకు. సమ్సోను కథ మొత్తం ఈ ప్రాంతంలోదే. అటు ఫిలిష్తీయులు, ఇటు అమోరీయులు వాళ్లని లోయలోకి దిగనివ్వలేదు. న్యాయాధిపతులు 18లో ఆయుధాలు కట్టుకున్న 600 మంది మగవాళ్లు పెళ్లాంపిల్లల్నీ పశువుల్నీ తీసుకుని బయల్దేరి, ఉత్తరాన హెర్మోను కొండ కింద నిశ్చింతగా ఉన్న లాయిషు అనే ఊరిమీద పడి, కాల్చేసి, దాన్ని మళ్లీ కట్టుకుని దాను అని పేరు పెట్టారు. ఆ అధ్యాయాన్ని విజయగాథలా చెప్పకండి, అక్కడ రాసినవాడు కూడా అలా చెప్పలేదు. అక్కడ 1966 నుంచి అవ్రాహాం బిరాన్ అనే పురావస్తు పండితుడు తవ్వకాలు చేయించాడు. 1993లో దొరికిన అరామిక్ శాసనపు ముక్కలో దావీదు వంశం ప్రస్తావన ఉంది.

యొర్దాను తూర్పున రూబేను, గాదు, సగం మనష్షే. పశువులు ఎక్కువ, మేత బాగుంది కాబట్టి మాకు ఇదే చాలని వాళ్లే మోషేని అడిగి పుచ్చుకున్నారు. రూబేను పెద్ద కొడుకు, అయినా గోత్రం చరిత్రలో నిలబడలేదు. దీబోను ఊరు యెహోషువ 13లో రూబేనుది, సంఖ్యాకాండము 32లో దాన్ని కట్టుకున్నది గాదువాళ్లు. 1868లో ఆ దీబోనులోనే మోయాబు రాజు మేషా వేయించిన నల్లరాతి శాసనం బయటపడింది, ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. క్రీస్తుపూర్వం 9వ శతాబ్దానిది. గాదు మనుషులు అనాదిగా అతారోతు ప్రాంతంలో ఉన్నారని శత్రురాజే అందులో చెబుతాడు, రూబేను పేరు మాత్రం ఎత్తడు. బైబిలు బయట ఒక గోత్రం పేరు రాతి మీద కనపడటం ఎంత అరుదో తెలిసినవాళ్లకి ఇది ఒళ్లు పులకరించే విషయం.

మనష్షే దగ్గర కాస్త ఆగుతాను, నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా ఇష్టమైనది ఇదే. సెలోపెహాదుకి కొడుకులు లేరు, అయిదుగురు కూతుళ్లు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. మగపిల్లలు లేనంతమాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకు భూమి ఇవ్వండి అని అందరి ముందూ నిలబడి అడిగారు, ఇవ్వమని దేవుడు మోషేకి చెప్పాడు. యెహోషువ 17లో మనష్షేకి యొర్దాను పడమట పది వాటాలు వస్తాయి: అబియెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా అనే అయిదు కుటుంబాలకి అయిదు, ఈ అక్కచెల్లెళ్లకి అయిదు. ఇది కేవలం కథలోని పేర్ల పట్టిక అనుకునేవాళ్లు ఉండేవారు. 1910లో హార్వర్డ్ వాళ్లు ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోనులో తవ్వినప్పుడు రాజనగరు దగ్గర సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి, క్రీ.పూ. 8వ శతాబ్దానివి, ఫలానా ఏట ఫలానా చోటు నుంచి పాత ద్రాక్షారసం, నూనె వచ్చిందని రాసుకున్న లెక్కలు. ఆ చోట్ల పేర్లలో అబియెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా ఉన్నాయి, నోయా, హొగ్లా కూడా ఉన్నాయి. తిర్సా అయితే షోమ్రోను కట్టక ముందు ఇశ్రాయేలు రాజుల రాజధాని పేరు. భూమి అడిగిన ఆడపిల్లల పేర్లు నూనె లెక్కల్లో జిల్లాల పేర్లుగా నిలిచిపోయాయన్నమాట. మనష్షేకి గీత గీసేటప్పుడు ఈ సంగతి పిల్లలకి తప్పకుండా చెప్పండి, ముఖ్యంగా ఆడపిల్లలకి.

మిగిలిన ఉత్తరపు గోత్రాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆషేరు సముద్రం వైపు ఒలీవ తోటల నేల, నఫ్తాలి కిన్నెరెతు సముద్రానికి (గలిలయ సముద్రానికి) పడమటా పైనా ఉన్న కొండలు, జెబూలూను నజరేతు ఉన్న ప్రాంతం, ఇశ్శాఖారు యెజ్రెయేలు మైదానపు తూర్పు భాగం. మత్తయి 4లో యేసు కపెర్నహూముకి వచ్చినప్పుడు జెబూలూను దేశము, నఫ్తాలి దేశము అని యెషయా మాట ఎత్తేది వీటి గురించే.

ఇక పది గోత్రాలు పోవడం. అహీయా ప్రవక్త కొత్త బట్టని పన్నెండు ముక్కలు చింపి, ఉత్తర రాజ్యానికి మొదటి రాజు కాబోయే యరొబాముకి పది ఇచ్చాడు, ఆ పది అన్న లెక్క అక్కడి నుంచి వచ్చింది. క్రీ.పూ. 733, 732 ప్రాంతంలో అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరు గలిలయనీ గిలాదునీ తీసుకున్నాడు, 722, 721 నాటికి షోమ్రోను పడింది. 27,290 మందిని చెరపట్టుకుపోయానని అష్షూరు రాజు సర్గోను తన శాసనంలో రాయించుకున్నాడు. మొత్తం జనం వెళ్లిపోయారని దీని అర్థం కాదు. చాలామంది దక్షిణానికి యూదాలోకి వచ్చారు, కొందరు ఉన్నచోటే ఉండిపోయారు. యూదా రాజు హిజ్కియా పస్కా పండగకి పిలిస్తే ఆషేరు, మనష్షే, జెబూలూను నుంచి కొందరు యెరూషలేముకి వచ్చినట్టు 2 దినవృత్తాంతములు 30లో ఉంది. లూకా 2లో బాల యేసును చూసిన అన్న అనే ప్రవక్త్రి ఆషేరు గోత్రికురాలు. పోయారని చెప్పిన గోత్రం పేరు ఏడు వందల ఏళ్ల తర్వాత ఒక ముసలామెకి గుర్తుంది.

గుంటూరు మాట నిజమే. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది, తాము ఎఫ్రాయిము సంతతి అని వాళ్లు చెబుతారు, వాళ్లకి సినగాగు (యూదుల ప్రార్థనామందిరం) ఉంది, సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. మణిపూర్, మిజోరంలో మనష్షే సంతతిమని చెప్పే బ్నే మెనషే వాళ్లని 2005లో ఇశ్రాయేలులో సెఫార్దీ శాఖ యూదుల ప్రధాన మతగురువు (రబ్బీ) గుర్తించారు, ఆ తర్వాత వేల మంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. ఎఫ్రాయిము కొండల నుంచి కృష్ణా తీరం దాకా మధ్యలో 2,700 ఏళ్లకి రాతపూర్వకమైన గొలుసు లేదు, చరిత్రగా నిరూపణ అయిందని పిల్లలకి చెప్పకండి. అలాగని వెక్కిరించనివ్వకండి కూడా, అది వాళ్ల విశ్వాసం, వాళ్ల గుర్తింపు, మన పక్క ఊరివాళ్లు.

క్లాసులో చేసేటప్పుడు ముందు ఖాళీ పటం మీద సముద్రం, యొర్దాను, కొండలు, యెజ్రెయేలు మైదానం వేయించండి. తర్వాత యూదా, బెన్యామీను, ఎఫ్రాయిములకి పెన్నుతో గట్టి గీత, మిగతావాటికి పెన్సిలు గీత. షిమ్యోనుకి గీత వద్దు, యూదా లోపల చుక్కలు చాలు. దానుకి రెండు చోట్లా రంగు వేసి మధ్యలో బాణం గుర్తు పెట్టించండి. మెగిద్దో, గెజెరు లాంటి దొరకని ఊళ్లకి వేరే రంగు. లేవి పట్టణాల్లో, పొరపాటున ఒకర్ని చంపినవాళ్లు తలదాచుకునే ఆరు ఆశ్రయపురాలు మాత్రం వేస్తే సరిపోతుంది, పడమట కెదెషు, షెకెము, హెబ్రోను, తూర్పున గోలాను, రామోత్గిలాదు, బేసెరు. పెద్ద పిల్లలైతే యెహోషువ 18 వాళ్ల చేతే చదివించండి. ఏడు గోత్రాలకి ఇంకా వాటాలు పంచనప్పుడు గోత్రానికి ముగ్గురు చొప్పున దేశమంతా తిరిగి, ఊళ్లు రాసుకుని, ఏడు భాగాలు చేసి షిలోహుకి తెచ్చాక యెహోషువ చీట్లు వేసింది అందులోనే ఉంది. ఇంకా డౌట్లు ఉంటే మీ దగ్గరున్న రెండు పటాల ఫొటోలు కింద పెట్టండి, ఏ గీత ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్కటీ చూసి చెబుతాను.